హనుమకొండలో ఇంటి వీడియోల ఎడిటింగ్

పెండ్లి, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, పిల్లల పుట్టినరోజు లాంటి వేడుకలను వీడియో తీసి, కంప్యూటర్‌లో కత్తిరించి, పాటలూ పేర్లూ చేర్చి డిస్కుగా మార్చే పని తెలుగు పట్టణాలన్నిటిలాగే హనుమకొండలోనూ 2000 తర్వాత ఓ పదిహేనేళ్ళు జోరుగా సాగింది. వరంగల్, కాజీపేటలతో కలిసి త్రినగరిగా పేరుపడ్డ ఈ ఊళ్ళో దానికి గిరాకీ రెండు వైపుల నుంచి వచ్చింది. చుట్టుపక్కల మండలాల పెండ్లిళ్ళు ఒకటి, విదేశాల్లో ఉన్న పిల్లలు రెండోది. 1959లో మొదలై 2002లో ఎన్‌ఐటీగా మారిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, 1959 నాటిదే అయిన కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్న చోట, కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇల్లు అరుదేమీ కాదు.

సొంత వీడియోను ఇంటి మనిషే కూర్చుని తయారు చేసుకుంటాడన్న ఊహతో విదేశీ కంపెనీలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను అమ్మాయి. ఇక్కడ ఆ ఊహ పెద్దగా నిజం కాలేదు. దాన్ని నేర్చుకున్నది, రాత్రింబగళ్ళు వాడింది వీధి చివరి ఫొటో స్టూడియోవాళ్ళు. కాబట్టి హనుమకొండలో ఇంటి వీడియో చరిత్ర అంటే చాలావరకు పెండ్లి వీడియో చరిత్రే.

క్యాసెట్ కాలం

జపాన్ కంపెనీ జేవీసీ వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ను 1976లో మార్కెట్‌లోకి తెచ్చింది. మన దేశంలో వీడియోకు ఊపు వచ్చింది మాత్రం 1982 ఢిల్లీ ఏషియాడ్‌తో. దూరదర్శన్ రంగుల ప్రసారాలు ఆ ఏడే మొదలయ్యాయి. ఉత్తర తెలంగాణ పల్లెలకు వీసీఆర్ చాలాసార్లు దుబాయి నుంచి వచ్చినవాళ్ళ సామానులో దిగింది. కలర్ టీవీ, వీసీపీ రాత్రికి కిరాయికి తెచ్చి, వాకిట్లో తెల్లవార్లూ సినిమాలు చూసిన రోజులవి. పెండ్లి క్యాసెట్ కూడా ఆ యంత్రం మీదే, బంధువుల మధ్యే ఆడింది.

భుజాన మోసే పానసోనిక్ ఎం3000, ఎం9000 లాంటి కెమెరాలు పెండ్లి వీడియోగ్రాఫర్ల గుర్తింపు చిహ్నాలయ్యాయి. కెమెరామన్ వెనకాలే సన్‌గన్ పట్టుకుని లైట్ బాయ్ ఉండేవాడు. ఆ వెలుతురు మీద పడగానే పెండ్లికొడుకు కళ్ళు చికిలించడం, వంటశాల దగ్గరి పెద్దమనిషి ఒక్కసారిగా కండువా సవరించుకోవడం ఆ కాలపు ప్రతి క్యాసెట్‌లోనూ కనిపిస్తాయి.

అప్పట్లో ఎడిటింగ్ అంటే రెండు వీసీఆర్‌లను ఎదురెదురుగా పెట్టి, ఒకదాన్నుంచి కావలసిన ముక్కను రెండోదానిలోకి ఎక్కించడం. మధ్యలో పానసోనిక్ మిక్సర్ ఉంటే దృశ్యం గళ్ళుగళ్ళుగా విడిపోయేది, వధువు ముఖం హృదయం ఆకారంలో తేలేది. స్టూడియో బోర్డుల మీద ‘వీడియో మిక్సింగ్’ అన్న మాట అలా వచ్చి చేరింది. ఈ పద్ధతిలో మూడు కష్టాలు. నడుమ ఒక ముక్క చేర్చాలంటే ఆ తర్వాతిదంతా మళ్ళీ రికార్డు చేయాలి. అసలే 240 గీతల నాణ్యత ఉన్న వీహెచ్‌ఎస్ బొమ్మ కాపీకి కాపీ తీసినప్పుడల్లా ఇంకా మసకబారుతుంది. మూడు గంటల క్యాసెట్‌కు కాపీ కావాలంటే యంత్రం మూడు గంటలూ తిరగాల్సిందే. మేనమామకో కాపీ, ఆడబిడ్డకో కాపీ అన్నారంటే స్టూడియో ఆ రోజుకు బందైనట్టే.

కంప్యూటర్ రాక

అడోబీ ప్రీమియర్ 1991లోనే వచ్చినా మామూలు పీసీకి వీడియోను మోసే శక్తి అప్పటికి లేదు. మలుపు 1995లో. ఆ ఏడు డీవీ టేపు, దాంతో పాటు సోనీ వీఎక్స్1000 కెమెరా, ఫైర్‌వైర్ తీగ వచ్చాయి. టేపు మీదే అంకెల్లో ఉన్న బొమ్మ ఆ తీగ గుండా ఉన్నదున్నట్టు హార్డ్‌డిస్కులోకి దిగుతుంది కాబట్టి కాపీలో నాణ్యత తగ్గదు. వీహెచ్‌ఎస్‌తో పోలిస్తే అసలు తేడా ఇదే.

లెక్క మాత్రం భారీగా ఉండేది. డీవీ వీడియో సెకనుకు 25 మెగాబిట్లు తింటుంది, గంటకు సుమారు 13 జీబీ. 40 జీబీ హార్డ్‌డిస్కే గొప్ప అనుకున్న రోజుల్లో ఒక్క పెండ్లి టేపులు ఎక్కించేసరికే డిస్కు నిండేది. విండోస్ 98లో వాడే ఫ్యాట్32 పద్ధతిలో ఏ ఫైలూ 4 జీబీ దాటకూడదు. అంటే ఇరవై నిమిషాలు కూడా నిండకముందే ఫైలు తెగిపోతుంది. మాంగల్యధారణ నడిమధ్యలో ఫైలు తెగితే రెండు ముక్కలనూ చప్పుడు రాకుండా అతికించడం కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మొదటి పరీక్ష.

కెనడా కంపెనీ మాట్రాక్స్ 1999లో ఆర్‌టీ2000 కార్డును, తర్వాత ఆర్‌టీ2500, ఆర్‌టీఎక్స్100లను తెచ్చింది. జపాన్ కంపెనీ కెనోపస్ డీవీస్టార్మ్ కార్డు వాటికి పోటీ. కంప్యూటర్ ఒక్కటే చేయలేని పనిలో ఈ కార్డులు సగం మోసేవి. లక్షల ఖరీదైన ఎడిటింగ్ యంత్రాల జోలికి పోకుండానే జిల్లా కేంద్రంలోని స్టూడియో డిజిటల్‌లోకి మారగలిగిందంటే అది వీటి పుణ్యమే.

ఇంటి మనిషికని చేసిన సాఫ్ట్‌వేర్

యాపిల్ 1999లో ఐమూవీని, మైక్రోసాఫ్ట్ 2000లో విండోస్ మీ తో పాటు మూవీ మేకర్‌ను ఇచ్చాయి. తైవాన్ కంపెనీ యూలీడ్ వీడియోస్టూడియో, పినకిల్ స్టూడియో కూడా ఈ కోవలోవే. యాపిల్ కంప్యూటర్లు ఇక్కడ అరుదు కాబట్టి ఐమూవీ పేరుకే తెలుసు. మూవీ మేకర్ విండోస్ ఎక్స్‌పీ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఉచితంగా ఉన్నా, టీవీలో ఆడే డిస్కును అది నేరుగా చేయలేదు. కాలేజీ వీడ్కోలు రోజు ఫొటోలకు పాట తగిలించడానికి పనికొచ్చిందంతే.

పినకిల్ స్టూడియో సంగతి వేరు. టేపు ఎక్కుతుంటే కెమెరా ఎక్కడెక్కడ ఆగి మొదలైందో గుర్తించి సీన్లను తనే విడగొట్టేది. 2002లో వచ్చిన ఎనిమిదో వెర్షన్‌లో వీడియో కత్తిరించే చోటే డీవీడీ మెనూ కూడా పెట్టుకునే వీలు కల్పించింది. హాలీవుడ్ ఎఫ్‌ఎక్స్ అన్న పేరుతో గిరగిర తిరిగే పెట్టెలు, ఎగిరే పుటలు అందులో ఉండేవి. వాటిని మన స్టూడియోలు వాడినంత ధారాళంగా తయారుచేసిన కంపెనీ కూడా ఊహించి ఉండదు. కొన్ని డిస్కుల్లో వధూవరుల కంటే ఆ పెట్టెలే ఎక్కువగా కనిపిస్తాయి. లైసెన్సు కొని వాడినవాళ్ళు తక్కువ, సీడీల మీద చేతులు మారిన కాపీలే ఎక్కువ అన్నది ఈ చరిత్రలో దాచాల్సిన విషయమేమీ కాదు.

అసలు ఇంటి వీడియో, అంటే ఇంటివాళ్ళే తీసినది, చాలావరకు అమెరికా నుంచి వచ్చిన హ్యాండీకామ్‌తో మొదలైంది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయి స్తంభాల గుడి ఆవరణలో, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఆడే ఆడవాళ్ళను అలా తీసుకుని విమానం ఎక్కినవాళ్ళున్నారు. అయితే అమెరికాలో కొన్న కెమెరా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో సెకనుకు దాదాపు 30 ఫ్రేములు తీస్తుంది. అప్పటి మన టీవీ పద్ధతి పాల్, సెకనుకు 25. కొత్త ప్రాజెక్టు తెరవగానే సాఫ్ట్‌వేర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే. తప్పు జవాబు నొక్కితే బతుకమ్మ చుట్టూ తిరిగే వలయం కుదుపులు కుదుపులుగా కదులుతుంది. ఒక్కో ఫ్రేములో ఉండే రెండు సగాల, అంటే ఫీల్డుల, వరస తారుమారైనా ఇంతే. డీవీలో కింది ఫీల్డు ముందు రావాలి, అది తప్పితే తలంబ్రాలు పోసే చేతులు వణుకుతున్నట్టు కనిపిస్తాయి.

వీసీడీ, డీవీడీ

1993లో రూపొందిన వీసీడీని అమెరికా పట్టించుకోలేదు. ఆసియా నెత్తిన పెట్టుకుంది. 352×288 పిక్సెళ్ళ బొమ్మ, డిస్కుకు 74 నిమిషాలు. వీహెచ్‌ఎస్‌కు దగ్గరి నాణ్యతే అయినా డిస్కు చౌక, కాపీ నిమిషాల్లో తయారు, చైనా ప్లేయర్లు కారుచౌక. మూడు గంటల పెండ్లి మూడు డిస్కుల్లో వచ్చేది. ముగ్గురు బంధువులు తలా ఒకటి పట్టుకుపోతే పెండ్లి పూర్తిగా ఎవరింట్లోనూ ఉండేది కాదు.

డీవీడీ 1996 చివర్లో జపాన్‌లో విడుదలైంది. ఇంట్లో రాసుకునే డీవీడీకి దారి 2001లో తెరుచుకుంది. పయనీర్ కంపెనీ రైటరు, యాపిల్ ఐడీవీడీ ఆ ఏడాదివే. 4.7 జీబీ, 720×576 పిక్సెళ్ళు, పైగా మెనూ. రైటర్ల ధర దిగివచ్చాక స్టూడియోలు వీసీడీని వదిలేశాయి.

మెనూ వచ్చాక పెండ్లి వీడియోకు అధ్యాయాలు ఏర్పడ్డాయి: మైలపోలు, ఎదుర్కోలు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, నాగవెల్లి, అప్పగింతలు, బారాత్, దావత్. వీటిలో కట్నాలు చదివించే భాగమే అన్నిటికంటే పొడుగు. వేదిక ఎక్కి కవరిచ్చి, వధూవరుల పక్కన నిలబడి దిగే వరుస గంట దాటినా ఎడిటర్ అందులో కత్తెర వేయడు. ఎవరి ముఖం ఎగిరిపోయినా ఆ ఇంటితో మాట పోతుంది. తెలుగు పెండ్లి వీడియో పొడుగని నవ్వేవాళ్ళు ఈ సంగతి మరచిపోతారు. అది సినిమా మాత్రమే కాదు, హాజరుపట్టీ కూడా.

అమెరికాకు పంపిన డిస్కులతో ఇంకో చిక్కు. పాల్ డీవీడీని అక్కడి ప్లేయర్లు చాలావరకు ఆడించవు. తప్పు, ప్రాంతాన్ని బట్టి డిస్కుకు తాళం వేసే రీజియన్ కోడ్‌దని అనుకునేవారు గానీ, స్టూడియోలో రాసిన డిస్కుకు రీజియన్ తాళమే ఉండదు. చివరికి కంప్యూటర్‌లో పెట్టి చూసుకునేవారు. తెలిసిన స్టూడియోలు ముందే ‘అమెరికా కాపీ’ వేరుగా, ఎన్‌టీఎస్‌సీలో రాసిచ్చేవి.

తెలుగు అక్షరాలు ప్రత్యేకమైన తలనొప్పి. యూనికోడ్ తెలుగు గుణింతాలు, ఒత్తులు ఆనాటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో విడిపోయేవి. అందుకే డీటీపీలో అలవాటైన అను ఫాంట్లనే వాడారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ప్రాజెక్టు తెరిస్తే శుభవివాహం అని ఉండాల్సిన చోట అర్థంకాని గుర్తులు వచ్చేవి. చాలామంది వధూవరుల పేర్లు ఇంగ్లిష్‌లో ఉండిపోవడానికి మోజు ఒక్కటే కారణం కాదు.

ఆషాఢం పని

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం నెలల్లో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కెమెరా టేపులు స్కెచ్ పెన్నుతో రాసిన పేర్లతో అట్టపెట్టెలో పోగయ్యేవి. ముహూర్తాలు లేని ఆషాఢం వచ్చాక ఎడిటర్ కుర్చీలో కూర్చునేవాడు. గంట టేపు ఎక్కించడానికి గంట, పాటలకు అనుగుణంగా కత్తిరించడానికి రోజులు, చివర్లో అంతా కలిపి ఒకే వీడియోగా మార్చే రెండరింగ్‌కు ఒక రాత్రి. 2014కు ముందటి కరెంటు కోతల్లో తొంభై శాతం అయిన రెండరింగ్ మళ్ళీ సున్నాకు రావడం చూసినవాళ్ళు యూపీఎస్‌ను దేవుడి పటంతో సమానంగా చూసుకున్నారు.

ఎడిటింగ్ గదుల్లో చివరికి గెలిచింది కెనోపస్ వాళ్ళ ఎడియస్. 2003లో వచ్చి, కంపెనీ చేతులు మారాక గ్రాస్‌వ్యాలీ పేరుతో కొనసాగింది. సోనీ పీడీ170 టేపు, పానసోనిక్ ఎండీ10000 టేపు, తర్వాతి హెచ్‌డీ ఫైళ్ళు ఒకే టైమ్‌లైన్ మీద కలిపినా రెండరింగ్ లేకుండా అప్పటికప్పుడు ఆడించడం దాని బలం. ఇద్దరు ముగ్గురు కెమెరామన్లు తలా ఒక రకం కెమెరాతో దిగే పెండ్లికి ఇంతకంటే ఏం కావాలి? ముందే పాటలు, గ్రాఫిక్స్ పేర్చిన ఎడియస్ ప్రాజెక్టులను కొని, ఫొటోలు మాత్రం మార్చి ఇవ్వడం ఒక ఉపవ్యాపారంగా మారింది. ఒకే వేసవిలో రెండు వేరు ఇండ్ల డిస్కులు ఒకేలా మొదలవడానికి కారణం అదే.

డిస్కు తెరమరుగు

కానన్ 5డీ మార్క్ 2 కెమెరా 2008లో వచ్చాక సినిమా లాంటి లోతున్న బొమ్మ పెండ్లిళ్ళలోకి దిగింది. ఖిల్లా వరంగల్, లక్నవరం, రామప్ప ప్రీవెడ్డింగ్ పాటలకు నేపథ్యాలయ్యాయి. మూడు గంటల వీడియో పక్కన నాలుగు నిమిషాల టీజర్ చేరింది. 2016 సెప్టెంబరులో జియో మొదలయ్యాక మొబైల్ డేటా చౌకైంది, డిస్కు బదులు పెన్‌డ్రైవ్, యూట్యూబ్ లింకు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ 2017 జనవరి 10న మూవీ మేకర్‌కు స్వస్తి చెప్పింది. యూట్యూబ్‌లో పెట్టిన పెండ్లి వీడియోకు సినిమా పాట హక్కుల నోటీసు తగలడం కొత్త అనుభవం. డిస్కు మీద ఉన్నంతకాలం ఆ పాటల గురించి అడిగినవాళ్ళు లేరు.

ఇంటి మనిషి ఎడిటింగ్ మాత్రం ఇప్పుడు, సెల్‌ఫోన్‌తో వచ్చింది.  1999లో కంపెనీలు కన్న కల కంప్యూటర్ మీద కాక, చేతిలోని ఫోను మీద తెలంగాణ పల్లెల్లో నిజమైంది.

పాత వీడియోలను దాచుకోవడం

ఇంట్లో రాసిన డీవీడీలో సమాచారం నిలిచేది రంగు పొర మీద. ఎండ, వేడి, పైన అంటించిన కాగితపు స్టిక్కరు దాన్ని పాడుచేస్తాయి. డిస్కు ఇంకా ఆడుతుంటే వీడియో_టీఎస్ ఫోల్డరును మొత్తంగా హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకుని, మరో కాపీ వేరే ఇంట్లో ఉంచాలి. దాన్ని వాట్సాప్‌లో పంపి దాచామనుకోవద్దు, నాణ్యత సగం అక్కడే పోతుంది. మినీడీవీ టేపులు ఉంటే డిస్కు కంటే అవే విలువైనవి. బూజు పట్టిన వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ను శుభ్రం చేయించకుండా యంత్రంలో పెట్టవద్దు. వీసీఆర్‌ల చివరి తయారీదారు, జపాన్ కంపెనీ ఫునాయ్, 2016 జూలైలో ఉత్పత్తి ఆపేసింది. పనిచేసే వీసీఆర్ ఉన్న స్టూడియో మీ ఊళ్ళో ఇంకా ఉంటే క్యాసెట్‌ను ఈ వేసవి లోపే అక్కడికి తీసుకెళ్ళండి.