నెలకు ఒక్క డాలరు అద్దె

మా అపార్ట్‌మెంటు ప్రహరీకి ఆనుకుని రెండొందల గజాల ఖాళీ స్థలం ఒకటుంది. మేము ఈ ఇంట్లోకి వచ్చి పదకొండేళ్ళు. అప్పటినుంచీ అది అలాగే పడి ఉంది. యజమాని ఎవరో మాలో ఎవరికీ తెలియదు. వీధిలో ఎవరింట్లో టైల్స్ మార్చినా ఆ ముక్కలు అక్కడికే, ఎవరి పరుపు చిరిగినా అక్కడికే. వానాకాలం వస్తే వయ్యారిభామ మొక్కలు, వాటి చాటున దోమలు.

మూడేళ్ళ క్రితం మామయ్యగారు పోయాక మా అత్తయ్య ఊరు వదిలి మా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో పొద్దు గడిచేది కాదు పాపం. ఒక సాయంత్రం, ఊరినుంచి మూటకట్టి తెచ్చుకున్న గోంగూర గింజలు గుప్పెడు తీసి గోడమీదుగా అవతలికి చల్లేసింది. "వస్తే వస్తాయి, లేకపోతే లేదు" అంది. వచ్చాయి. తర్వాత పై అంతస్తు వాళ్ళు, వాచ్‌మన్ భార్య, నేను కలిసి రాళ్ళు ఏరాం. చందాలు వేసుకుని ఒక ట్రాక్టరు చెత్త ఎత్తించాం. ఇప్పుడక్కడ గోంగూర, తోటకూర, బచ్చలి పందిరి, రెండు మునగ చెట్లు, ఒక కరివేపాకు చెట్టు. ఈ వీధిలో ఆకుకూర కొనుక్కునే ఇల్లు తక్కువ.

నెల క్రితం ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చారు. కొలుచుకున్నారు, నాలుగు మూలలా సున్నం పోశారు, వెళ్ళిపోయారు. ఆ రాత్రి అత్తయ్య అన్నం సరిగ్గా తినలేదు.

న్యూజెర్సీలో చదువుకుంటున్న మా అమ్మాయికి ఫోనులో ఈ సంగతంతా చెప్పాను. "అమ్మా, నువ్వూ నానమ్మా చేసినదానికి ఒక పేరుంది తెలుసా? గెరిల్లా గార్డెనింగ్ అంటారు" అంది. ఆ ఆదివారం న్యూయార్క్ వెళ్ళి ఒక తోట ఫోటోలు పంపింది. బవరీ, హ్యూస్టన్ వీధులు కలిసేచోట ఉందట. "హ్యూస్టన్‌లో మా పెదనాన్నగారి అబ్బాయి ఉన్నాడుగా, వాణ్ణి కలిశావా?" అన్నాను. పడీపడీ నవ్వింది. అది టెక్సాస్‌లోని ఊరట, ఇది న్యూయార్క్‌లో వీధట. పైగా ఈ వీధిని హ్యూస్టన్ అనకూడదు, హౌస్టన్ అనాలట! ఆ నవ్వుతో మొదలుపెట్టి నేను ఆ తోట కథంతా చదివాను. చదివింది మీకు చెప్పకుండా ఉండలేను.

1970ల న్యూయార్క్ మనం సినిమాల్లో చూసే న్యూయార్క్ కాదు. ఫ్యాక్టరీలు ఊరు విడిచి పోతున్నాయి, డబ్బున్నవాళ్ళు శివార్లకు తరలిపోతున్నారు. 1975 నాటికి నగరపాలన దివాలా అంచుకు వచ్చేసింది. పేదలుండే పేటల్లో అద్దెలు గిట్టక యజమానులు ఇళ్ళను గాలికి వదిలేశారు. బీమా సొమ్ము కోసం సొంత కట్టడాలకే నిప్పు పెట్టించినవాళ్ళూ ఉన్నారు. పన్ను కట్టని స్థలాలు నగరపాలన చేతికొచ్చి పడ్డాయి. వాటిని కొనే నాథుడు లేడు. చుట్టూ కంచె, లోపల ఇటుకలు, చెత్త, ఎలుకలు. మా పక్క స్థలంలాంటివి ఆ నగరంలో వేలల్లో ఉండేవన్నమాట.

మాన్‌హాటన్ దిగువన, లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేటలో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి ఉండేది. ఆవిడా, ఆవిడ స్నేహితులూ 'గ్రీన్ గెరిల్లాస్' అని తమకు తామే పేరు పెట్టుకున్నారు. బెలూన్లలో, పాత క్రిస్మస్ అలంకరణ బుడ్డీల్లో గింజలూ ఎరువూ నింపి, కంచెల మీదుగా ఖాళీ స్థలాల్లోకి విసిరేవారు. చేతిబాంబును ఇంగ్లీషులో గ్రెనేడ్ అంటారు కదా, దాన్ని కాస్త మెలిపెట్టి వీటికి 'గ్రీన్-ఎయిడ్' అని పేరు పెట్టారు. రోడ్ల మధ్య డివైడర్లలో పొద్దుతిరుగుడు నాటారు. పాడుబడ్డ ఇళ్ళ కిటికీల దగ్గర పూలతొట్లు పెట్టారు.

1973లో వాళ్ళ కన్ను బవరీ, హౌస్టన్ మూలనున్న పెద్ద ఖాళీ స్థలం మీద పడింది. గింజ విసిరేసి వెళ్ళిపోతే సరిపోదు, ఇక్కడ కూర్చుని పనిచెయ్యాలి అనుకున్నారు. చెత్త ఎత్తారు, మంచి మట్టి అడిగి తెచ్చుకుని పోశారు, కంచె బాగుచేసుకున్నారు. కూరగాయల కోసం అరవై ఎత్తు మళ్ళు కట్టారు. ఆ తర్వాత వాళ్ళు చేసిన పని నాకు అన్నిటికన్నా నచ్చింది. నగరపాలన దగ్గరికి వెళ్ళి అనుమతి అడిగారు. 1974 ఏప్రిల్‌లో ఆ స్థలాన్ని వాళ్ళకు అద్దెకిచ్చారు. అద్దె నెలకు ఒక్క డాలరు!

ఈ కథ నానమ్మకు చెప్పమని మా అమ్మాయి పోరింది. చెప్పాను. అత్తయ్య అంతా విని, "డాలరంటే మన డబ్బుల్లో ఎంతే?" అని మాత్రం అడిగింది.

నిజానికి ఎవరిదో నేలలో మొక్క వెయ్యడం లిజ్ క్రిస్టీతో మొదలు కాలేదు. 1649లో, ఇంగ్లండు రాజు తల తీయించిన ఏడాదే, జెరార్డ్ విన్‌స్టాన్లీ అనే ఆయన కొందరు పేదలను వెంటబెట్టుకుని సర్రే ప్రాంతంలోని సెయింట్ జార్జ్ కొండ మీద బీడు నేల తవ్వి, క్యారెట్లు, చిక్కుళ్ళు వేశాడు. భూమి అందరిదీ అన్నది వాళ్ళ వాదం. తవ్వేవాళ్ళు కాబట్టి 'డిగ్గర్స్' అన్నారు వాళ్ళను. చుట్టుపక్కల భూస్వాములు కొన్ని నెలల్లోనే వాళ్ళను తరిమేశారు.

డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కదా, నాకు మన సప్తసంతానాలు గుర్తొచ్చాయి. కొడుకు, కావ్యం, చెరువు, గుడి, నిధి, అగ్రహారం, వనం. మనిషి పోయినా అతని పేరు నిలిపే ఏడింటిలో తోట ఒకటి. పరీక్షకు బట్టీపట్టినప్పుడు ఇది ఆలోచించలేదు. ఆ వనాలు వేయించినవాళ్ళు రాజులు, దొరలు. తమ నేలను పదిమందికి వదిలారు. నేలే లేనివాళ్ళ మాటేమిటి? వాళ్ళు పదిమంది వదిలేసిన నేలకు తమ చాకిరీ ఇచ్చారు. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్యగారు చేసిందీ అదే. గింజలు, మొక్కలు సైకిల్ మీద పెట్టుకుని రోడ్ల వెంట, కాలవగట్ల వెంట ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ నాటుతూ పోయారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ చెట్లలో ఏదీ ఆయన పేరున రిజిస్టరైన నేలలోది కాదు కదా.

అయితే ఈ కథల్లో నీడలూ ఉన్నాయి. లిజ్ క్రిస్టీ తోటకు కాస్త దూరంలోనే ఆడమ్ పర్పుల్ అనే ఒక విచిత్రమైన మనిషి ఉండేవాడు. ఊదారంగు బట్టలే కట్టేవాడు. 1975లో తన ఇంటి వెనక ఖాళీ స్థలంలో గుండ్రంగా, వలయాలు వలయాలుగా తోట మొదలుపెట్టాడు. సెంట్రల్ పార్కులో గుర్రపు బళ్ళు తిరిగేచోట పేడ ఎత్తుకుని సైకిల్ మీద తెచ్చుకునేవాడు. పక్క ఇళ్ళు పడగొట్టినకొద్దీ ఆయన వలయాలు పెరిగాయి. దాన్ని 'ఈడెన్ తోట' అన్నారు. 1986 జనవరి 8న బుల్డోజర్లు వచ్చి చదును చేసేశాయి. ఎందుకు? పేదలకు ఇళ్ళు కట్టడానికి. ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. తోట పోయిందని ఏడవాలా, తలదాచుకునే చోటు లేనివాళ్ళకు ఇల్లు వచ్చిందని సంతోషించాలా? తోట వేసినవాళ్ళు మంచివాళ్ళే, ఇల్లు కావాలన్నవాళ్ళూ మంచివాళ్ళే. ఇంకో చోటు చూడలేకపోయారా అని మాత్రం అనిపిస్తుంది.

1999లో ఇంకో గండం. అప్పటికి నేలకు మళ్ళీ ధర వచ్చింది. ధర ఎందుకొచ్చింది? చెత్తకుప్పలు తోటలై, పేట బాగుపడడమూ అందుకు ఒక కారణమే. మేయర్ జూలియానీ వందకు పైగా తోటలను వేలానికి పెట్టాడు. జనం వీధికెక్కారు. చివరికి వేలం ముందు రెండు సంస్థలు కలిసి 42 లక్షల డాలర్లిచ్చి వాటిని కొనేశాయి. అందులో ఒకటి గాయని, నటి బెట్ మిడ్లర్ స్థాపించినది. అన్ని తోటలకూ ఆ అదృష్టం లేదు. ప్యూర్టో రికో నుంచి వచ్చినవాళ్ళు 1970ల చివరినుంచీ పెంచుకున్న ఎస్పరాంజా తోటను 2000 ఫిబ్రవరిలో కూల్చేశారు. ఎస్పరాంజా అంటే స్పానిష్‌లో ఆశ. తోటల కూల్చివేతను ఆపుతూ కోర్టు ఉత్తర్వు వచ్చింది అదే రోజున. ఆ తోటకు మాత్రం అందలేదు. 2002లో నగరపాలనతో రాజీ కుదిరి, కొన్ని వందల తోటలు నిలబడ్డాయి.

లిజ్ క్రిస్టీ ఇదంతా చూడలేదు. 1985లోనే పోయింది. మరుసటి ఏడాది ఆ తోటకు ఆవిడ పేరు పెట్టారు. మా అమ్మాయి పంపిన ఫోటోలో ఆకాశానికి ఎదిగిన డాన్ రెడ్‌వుడ్ చెట్టు, ద్రాక్ష పందిరి, చిన్న కొలను, కొలను రాళ్ళమీద ఎండకు కూర్చున్న తాబేళ్ళు. సప్తసంతానంలో వనం అంటే ఇదే కదా అనుకున్నాను.

చదివాక నాకు ఒకటి అర్థమైంది. గింజ విసరడానికి ధైర్యం చాలు. తోట నిలబడడానికి మాత్రం ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టి, నోరు తెరిచి అడగాలి. మూడేళ్ళుగా మేము గోడ దూకాం గానీ, ఆ స్థలం ఎవరిదని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే పొమ్మంటారేమోనని భయం.

పోయిన వారం మావారు ఆ టేపు పట్టుకొచ్చిన మేస్త్రీని పట్టుకుని యజమాని చిరునామా సంపాదించారు. నేనే ఉత్తరం రాశాను. మీ స్థలం శుభ్రంగా ఉంది, ఎవరూ ఆక్రమించలేదు, ఆక్రమించరు కూడా. పునాది తవ్వేదాకా మమ్మల్ని మొక్కలు పెంచుకోనివ్వండి, అద్దె చెప్పండి, కాగితం మీద సంతకం పెట్టి ఇస్తాం అని. సంతకాలు తొమ్మిది ఇళ్ళవాళ్ళవి. అత్తయ్య సంతకం అందరికన్నా పైన ఉంది.

జవాబు ఇంకా రాలేదు. అత్తయ్య మాత్రం ముదిరిన గోంగూర కాయలు కోసి, ఎండబెట్టి, గింజలు డబ్బాకెత్తింది. "ఆయన కాదంటే?" అన్నాను. "రైలు కట్ట పక్కన బోలెడు నేలుందే అమ్మాయ్" అంది. "ఈసారి ముందు అడుగుదాం అత్తయ్యా" అన్నాను.