కుంచెడు బియ్యానికి రెండు వీశల బెల్లం

కుంపటి దగ్గరికి జరగండర్రా, మంచు బాగా దిగుతోంది. ఏమ్మా, పొద్దుటి నుంచీ ఆ ఫోను పట్టుకుని కప్పుకి ఎన్ని గ్రాములని వెతుకుతున్నావు. కప్పులో ఏం పోస్తున్నావో చెప్పందే దానికి జవాబు లేదు తల్లీ. ఆ సంగతి నాకు అరిసెలు నేర్పాయి.

1961 సంక్రాంతి. నాకు పదిహేడేళ్లు, కాపురానికొచ్చాక మొదటి పెద్దపండగ. మనింట్లో గింజలకు కొలత, బెల్లానికీ చింతపండుకీ తూకం. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. తూకంలో మూడు తులాలు పలం, నలభై పలాలు వీశ. మా అత్తగారు బియ్యం కొలిచేటప్పుడు 'ఒకటి' అనేవారు కాదు, 'లాభం' అని మొదలుపెట్టి 'రెండు'కి వెళ్లేవారు. సోల నిండా ముంచి అరచేత్తో తలకొట్టేవారు. అంచు మీద ఒక్క గింజ నిలిచేది కాదు.

అరిసెలకి ఆవిడ లెక్క కుంచెడు బియ్యానికి రెండు వీశల బెల్లం. అంగడికి వెళ్లింది నేను. తూకాలు మార్చే చట్టం 1956లోనే వచ్చినా, కొత్త రాళ్లు 1958 నుంచి ఒక్కో చోటికీ దిగుతూ వచ్చాయి. మా అంగట్లో అప్పుడే కిలో రాయి పెట్టారు. ఇక వీశ లేదు, కిలోయే అన్నారు. పేరు మారింది కాబోలనుకుని రెండు కిలోలు తెచ్చాను. వీశంటే ఒక కిలో నాలుగొందల గ్రాములు. అంటే ఎనిమిది వందల గ్రాములు తక్కువ తెచ్చాను.

పాకం ముదరకుండానే దించాను, నీళ్లలో వేస్తే ఉండకట్టింది. పిండి మాత్రం మొత్తం గుమ్మరించేశాను. చలిమిడి గట్టిపడి, ఆకు మీద వత్తుతుంటేనే అంచులు పగిలాయి. మొదటి వాయి నూనెలోనే విరిగింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

అత్తగారు ఒక్క మాటా అనలేదు. పొయ్యి ఆర్పించి, కొలతకీ తూకానికీ తేడా నాకు తెలియాలని సోలా తరాజూ తెచ్చి నా ముందు పెట్టారు. సోలెడు బియ్యం తూచితే ఆరు పలాల పైచిలుకు. అదే సోలతో తడిపిండి జల్లించి, అదమకుండా పోసి తూచితే నాలుగు పలాల దగ్గర ఆగింది. దంచి జల్లిస్తే సోలెడు బియ్యం రెండు సోలలకి దగ్గరగా పొంగుతుంది మరి. "సోల మారలేదమ్మా, లోపలిది మారింది" అన్నారు. ఆ తరవాత బెల్లం తెప్పించి, ఇంకో పాకం పట్టి, ఆ చలిమిడినే అందులో కలిపి నిలబెట్టారు. ఆవిడ చెయ్యి అలాంటిది.

ఇప్పుడు నీ కప్పు సంగతి. అమెరికా కప్పులో సుమారు 240 మిల్లీలీటర్లు పడతాయి. నీళ్లయితే 240 గ్రాములు, పంచదారయితే 200, మైదా అదమకుండా పోస్తే 120 చిల్లర. రైస్ కుక్కరుతో ఇచ్చే కప్పు 180 మిల్లీలీటర్లే, అందులో బియ్యం 150 గ్రాములకి అటూ ఇటూ. ఈ రెండు కప్పులూ ఒకటేననుకుని పాయసం పాడుచేసుకున్నవాళ్లని చూశాను. నూనె ప్యాకెట్టు తిప్పి చూడు, లీటరు అన్నచోటే 910 గ్రాములని ఉంటుంది. నూనె నీళ్ల కంటే తేలిక.

ఉప్పు దగ్గర ఇంకా జాగ్రత్త. గిద్దెడు మెత్తటి ఉప్పు గిద్దెడు రాళ్ల ఉప్పు కంటే బరువు, రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కదా. ఆవకాయకి రాళ్ల ఉప్పు లెక్కన మెత్తటిది పోస్తే నోట పెట్టలేం. అందుకే ఉప్పు తూచి వెయ్యమంటాను.

ఊరు మారితే సోల కూడా మారేది. మా పుట్టింటి సోల ఇంతకన్నా చిన్నది. మన సోలని కిలో రాళ్లతో తూచి చూశాను, బియ్యం పావుకిలోకి కాస్త తక్కువ పడుతుంది.

అదిగో, దేవుడి గూటి కింద ఉంది. పొద్దున్నే నువ్వు ఆ సోల తీసుకో, తమ్ముడు త్రాసు తెస్తాడు. బియ్యం, పిండి, బెల్లం తురుము, ఉప్పు ఒక్కొక్కటే తలకొట్టి పోసి, తూచి రాసుకోండి. ఆ కాగితం మీ వంటింటి తలుపుకి అంటించుకోండి.