కొల్లేట్లో చెరువు తవ్వాలంటే ఎవర్ని అడగాలి?

మన ఐటీ వాళ్ళకి చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే రెండో ఆదాయం మీదకి మనసు పోతుంది. హైదరాబాదు వాళ్ళయితే ప్లాటు అంటారు. మా ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు వాళ్ళయితే చేపల చెరువు అంటారు. నలుగురు కలిసి తలా కొంత వేసుకుని, ఊళ్ళో ఉన్న బావగారి పేరు మీదో బాబాయి పేరు మీదో లీజు రాయించుకుంటారు. "లైసెన్సు సంగతి వాళ్ళు చూసుకుంటార్లే" అనేది ఈ కబుర్లలో తప్పకుండా వినపడే మాట. ఆ మాట వెనక దాదాపు యాభయ్యేళ్ళ చరిత్ర ఉంది. డబ్బు పెట్టే ముందు అది తెలుసుకోవడం మంచిది.

ముందు కొల్లేరు ఏం పని చేస్తుందో చూద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా బోలెడన్ని డ్రెయిన్లు దీన్లోకి వచ్చి పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు. మన భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్లు చాలా, అవుట్‌పుట్ ఒకటి, మధ్యలో బఫర్ కొల్లేరు. బఫర్ సైజు తగ్గిస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు :-)

ఇక చెరువుల కథ. ఒకప్పుడు ఇక్కడ లంక గ్రామాల వాళ్ళు మావులు వేసి చేపలు పట్టుకునేవారు. వేసవిలో నీళ్ళు వెనక్కి తగ్గినచోట వరి వేసేవారు. వరద వస్తే పంట పోయేది. 1970ల మధ్యలో ప్రభుత్వం దీనికో పరిష్కారం ఆలోచించింది. మత్స్యకారులు, ఇతర బలహీన వర్గాల వాళ్ళతో సహకార సంఘాలు పెట్టించి, సరస్సు భూమిలో చేపల చెరువులు వేయించింది. అంటే కొల్లేట్లో గట్లు వెయ్యమన్నది మొదట సర్కారే. ఈ ముక్క చాలామంది మర్చిపోతారు.

చెరువంటే గట్టు, మోటార్లు, పిల్ల, మేత. అన్నింటికీ పెట్టుబడి కావాలి. సొసైటీ సభ్యుడి దగ్గర అంత డబ్బెక్కడిది? బయటి నుంచి డబ్బున్నవాళ్ళు వచ్చారు. చెరువు సొసైటీ పేరు మీదే ఉంటుంది, సాగు ఇంకొకరిది, సభ్యుడికి ఏటా లీజు డబ్బు. బొచ్చె, శీలావతి మంచులో ప్యాకై లారీల్లో హౌరా వెళ్ళేవి. చూసినవాళ్ళంతా తవ్వడం మొదలుపెట్టారు.

ఇందులో చట్టం చిక్కు ఒకటుంది. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ 1977లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. అందులో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, తనఖా, లీజు కూడా. (ఇరవై ఏళ్ళు దాటిన అసైన్‌మెంట్లకి 2023 సవరణ వెసులుబాటు ఇచ్చింది, కానీ అది చాలా తర్వాతి మాట.) అంటే డి-ఫారం పట్టా భూమిలో చెరువు లీజుకి తీసుకున్నవాడి కాగితం మొదటిరోజు నుంచే బలహీనం.

తర్వాత అడవి శాఖ వచ్చింది. 1995లో తొలి నోటిఫికేషన్, 1999 అక్టోబర్‌లో జీవో 120. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద +5 కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత లోపల, సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయిపోయింది. ఎకరాల్లో 76 వేల పైమాటే. అందులో దాదాపు 15 వేల ఎకరాలు జిరాయితీ, అంటే జనం సొంత భూమి. 2002లో రామ్‌సర్ జాబితాలో కూడా చేరింది.

ఇదే సమయంలో తీరంలో రొయ్యల కథ ఇంకో దారిలో నడిచింది. 1996 డిసెంబర్‌లో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులు తీసెయ్యమంది, సంప్రదాయ పద్ధతుల వాటిని మినహాయించి. పార్లమెంటు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టింది. అక్కడ కోర్టు తీర్పుకి జవాబుగా లైసెన్సు పుట్టింది. కొల్లేట్లో ఆ అవకాశం లేదు, ఎందుకంటే అభయారణ్యంలో చేపల చెరువుకి లైసెన్సు అనేదే లేదు.

2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో, కేంద్ర సాధికార కమిటీ సిఫార్సుల ప్రకారం, ఆపరేషన్ కొల్లేరు జరిగింది. ప్రొక్లెయినర్లు పెట్టి, కొన్నిచోట్ల మందుపాతర్లు పెట్టి గట్లు పేల్చారు. పెట్టుబడిదారుడికి చెరువు పోయింది. సొసైటీ సభ్యుడికి లీజూ పోయింది, కూలీ పోయింది. తేడా ఏంటంటే, మొదటివాడు ఇంకోచోట చెరువు వేసుకోగలడు.

2008లో రాష్ట్ర శాసనసభ +5ని +3కి తగ్గించమని తీర్మానం చేసింది. ఏమీ కాలేదు. ఎందుకు? ఒకప్పుడు అభయారణ్యం హద్దులు మార్చడానికి రాష్ట్ర శాసనసభ తీర్మానం సరిపోయేది. 2002 సవరణతో ఆ సెక్షన్ మారింది, జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు ఉండాలన్నారు. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కూడా +5నే ఉంచమంది. ఎన్నికలప్పుడు "కాంటూరు కుదిస్తాం" అని ఏ పార్టీ నాయకుడన్నా, ఆ తాళంచెవి అమరావతిలో లేదన్నమాట.

అభయారణ్యం బయట సంగతి వేరు. 2020లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం వచ్చింది. సాగుకి, హేచరీకి, వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. మేత నాణ్యతకి ఇంకో చట్టం. పద్ధతిగా చెయ్యాలనుకునేవాడికి ఇప్పుడు దారి ఉంది.

ఇంత చరిత్ర చదివాక నాకనిపించేది ఒకటే. మన అనుమతులన్నీ సర్వే నంబరు చూసి ఇస్తారు. నీళ్ళు సర్వే నంబర్లు చదవవు. ఒక్కో గట్టు విడిగా చూస్తే ఎవరికీ హాని లేదు. వెయ్యి గట్లు కలిస్తే బుడమేరు నీళ్ళకి నిలవడానికి చోటు ఉండదు. 2024 సెప్టెంబర్‌లో బెజవాడ మునగడానికి కట్ట గండ్లు, కాలువ ఆక్రమణలు ఇలా చాలా కారణాలున్నాయి. కానీ అదే బుడమేరు చివరికి వెళ్ళాల్సింది కొల్లేట్లోకే అన్నది గుర్తుపెట్టుకోవాలి.

అలాగని జిరాయితీ రైతుని ఆక్రమణదారుడితో కలిపి తిట్టడం అన్యాయం. వాడి తాతల నాటి భూమిని గీత గీసి లోపల పెట్టారు, పరిహారం మాట దశాబ్దాలుగా నానుతూనే ఉంది. పక్షులు కావాలి, వరదకి చోటు కావాలి అనుకుంటే ఆ భూమికి ధర మనమంతా కట్టాలి. ఆ ఒక్క రైతు చేత కట్టించకూడదు.

కాబట్టి ఎవరైనా చెరువులో వాటా ఇస్తామంటే లాభం ఎంత అని తర్వాత అడగండి. ముందు నాలుగు అడగండి. సర్వే నంబరు +5 లోపలా, బయటా? జిరాయితీనా, డి-ఫారమా, సొసైటీదా? ఆక్వా లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది? వాడిన నీళ్ళు ఏ కాలవలోకి వదుల్తున్నారు? మొదటి ప్రశ్నకి "అదంతా మేనేజ్ చేస్తాం" అని జవాబొస్తే, మిగతా మూడూ అడగక్కర్లేదు. టీ తాగి వచ్చెయ్యొచ్చు.