కేతిగాడి సరసన బంగారక్క: రమాప్రభ హాస్యనటన – జంటపాత్ర సంప్రదాయం

తలుపులకు పొరుగున ఉన్న కదిరి పట్టణం లక్ష్మీనరసింహస్వామి రథోత్సవానికి ప్రసిద్ధి. తెలుగు చలనచిత్ర హాస్యనటి రమాప్రభ జన్మస్థలం కూడా అదే. పూర్వపు అనంతపురం జిల్లాలోనూ, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోనూ భాగమైన ఈ ప్రాంతానికి హాస్యచరిత్రలో మరొక స్థానం ఉంది. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల గ్రామం. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆ బొమ్మలాటలో రామాయణ ఘట్టాల నడుమ కేతిగాడు, బంగారక్క ప్రవేశించి, పద్యగంభీరమైన కథను ఆపి, ఊరి భాషలో తగవులాడుతారు. నిద్రకు జోగుతున్న ప్రేక్షకులు లేచి కూర్చుంటారు.

రమాప్రభ నటనకు తోలుబొమ్మలాటే మూలమని ఇక్కడ ప్రతిపాదించడం లేదు. అలా చెప్పడానికి ఆధారం లేదు సరికదా, ఆమె జీవితక్రమమే అందుకు అడ్డు. బాల్యంలో ఎక్కువ కాలం గడిచినది ఊటీలో. నటనలో తొలి శిక్షణ మదరాసులోని తమిళ నాటకరంగంలో. ప్రతిపాదన వేరు. బొమ్మలాటలో బంగారక్క నిర్వహించే పాత్రధర్మమే 1970ల తెలుగు చిత్రాలలో రమాప్రభ పోషించిన పాత్రలకూ సంక్రమించింది. దానిలోని స్వేచ్ఛ, దానిలోని పరిమితి రెండూ ఆమె వృత్తిజీవితాన్ని నిర్ణయించాయి.

1966లో కె. ప్రత్యగాత్మ దర్శకత్వం వహించిన ‘చిలకా గోరింక’తో ఆమె తెలుగు తెరపైకి వచ్చారు. అంతకుముందు తెరపై నవ్వించిన స్త్రీలను స్థూలంగా రెండు తీరులుగా చూడవచ్చు. సూర్యకాంతం, ఛాయాదేవి పోషించిన గయ్యాళి పాత్రలలో నవ్వు భయంతో ముడిపడి ఉంటుంది. ప్రేక్షకుడు ఆమె పతనం కోసం ఎదురుచూస్తాడు. రేలంగి సరసన గిరిజ పోషించిన పాత్రలలో నవ్వు సరసంతో ముడిపడింది. రమాప్రభ ఈ రెండవ తీరును అందుకొని దాని హద్దులు చెరిపారు. గిరిజ పాత్రలలో కొంత నాయికాలాలిత్యం మిగిలి ఉండేది. రమాప్రభ దానిని వదులుకోవడానికి వెనుదీయలేదు. సాగదీసిన పలుకు, విప్పారిన కళ్లు, అమాయకత్వం నుంచి గద్దింపుకు ఒక్కసారిగా మారే గొంతు ఆమె సాధనాలు.

రాజబాబుతో కుదిరిన జోడీ ఈ నటనకు వేదిక అయింది. ‘ఇద్దరు అమ్మాయిలు’, ‘పండంటి కాపురం’, ‘ఇల్లు ఇల్లాలు’, ‘జీవనజ్యోతి’, ‘సెక్రటరీ’ వంటి చిత్రాలు ఆ జంటకు గుర్తింపు తెచ్చినవి. ఈ జంట ప్రధాన కథకు కేవలం విరామం కాదు, ప్రతిబింబం కూడా. నాయిక తన ప్రేమను కన్నుల్లో దాచుకోవలసిన కథలో హాస్యనాయిక తన కోరికను బిగ్గరగా చెబుతుంది, పెళ్లి కోసం తొందరపెడుతుంది, మగవాడి మాటకు మాట విసురుతుంది. సీత మాట్లాడలేనిది బంగారక్క మాట్లాడినట్టే ఇదీ. ఎవరూ గంభీరంగా తీసుకోరన్న హామీయే ఆ మాటకు రక్ష.

అయితే ఆ హామీయే ఉచ్చు కూడా. కథతో పొత్తు లేని హాస్యభాగాన్ని కత్తిరించినా కథకు లోటు రాదు. ఆ పాత్రకు పుట్టిల్లు, గతం, దుఃఖం ఏదీ ఉండవలసిన అవసరం లేదు. జంటలో పురుషుడిది పేరు, స్త్రీది జోడీ. ‘రాజబాబు–రమాప్రభ’ అన్న వాడుకలో పేర్ల వరుస యాదృచ్ఛికం కాదు.

ఆ జోడీకి వెలుపల ఆమె చేసిన పనిని గమనిస్తే ఈ వరుస ఎంత అసమగ్రమో తెలుస్తుంది. తమిళ చిత్రం ‘శాంతి నిలయం’ (1969)లో నాగేశ్ కూడా ఉన్న తారాగణంలో ఆమె నటించారు. 1973 నాటి హిందీ చిత్రం ‘దో ఫూల్’లో మెహమూద్‌తో కలిసి నటించారు. కె. బాలచందర్ తీసిన ‘అనుభవి రాజా అనుభవి’ (1967) దానికి మాతృక. ఆ తమిళ చిత్రంలో మనోరమ చేసిన పాత్రకు హిందీలో రమాప్రభ రావడం గమనించదగినది. ఇద్దరూ తమిళ నాటకరంగం నుంచి వచ్చినవారే. మనోరమను తమిళులు ‘ఆచ్చి’ అని పిలుచుకొని తమ సినిమా చరిత్రలో ఒక ప్రత్యేక అధ్యాయంగా నిలుపుకున్నారు. రమాప్రభ విషయంలో తెలుగువారు ఎక్కువగా మాట్లాడుకున్నది ఆమె వివాహజీవితం గురించి. ఆ చర్చ ఆమె నటనను తెలుసుకోవడానికి ఏ మాత్రం తోడ్పడదు కనుక ఇక్కడ దానికి చోటు లేదు. పద్నాలుగు వందల చిత్రాలన్న ప్రచారంలోని లెక్క కూడా అంతే: సంఖ్య ఆశ్చర్యం కలిగిస్తుంది, వివరణ ఇవ్వదు.

1983 ఫిబ్రవరి 14న రాజబాబు మరణించారు. జోడీ ముగియడానికి అది ఒక్కటే కారణం కాదు. అదే దశాబ్దంలో జంధ్యాల చిత్రాలు హాస్యాన్ని విడిభాగంగా కాక కథలోనే కలిపి అల్లాయి. రాజేంద్రప్రసాద్ వంటి నాయకులే నవ్వించసాగారు. శ్రీలక్ష్మి వంటి నటీమణులకు జంట అవసరం లేని, తమకంటూ ఒక పిచ్చి ఉన్న పాత్రలు దక్కాయి. కేతిగాడు తెర వెనక్కి వెళ్లాక బంగారక్క ఎక్కడ నిలబడాలి? రమాప్రభ అత్తలు, బామ్మలు, ఇరుగుపొరుగు ముసలమ్మల పాత్రలలోకి నడిచారు. పూరి జగన్నాథ్ ‘దేశముదురు’ (2007)లో ఆమె సన్యాసిని. కాషాయం కట్టినా ఆమె తెరపై కనిపించగానే నవ్వు కోసం ఎదురుచూసే ప్రేక్షకుడు అప్పటికి తయారై ఉన్నాడు.

1995 తరువాత విస్తరించిన ఉపగ్రహ టీవీ ఈ కథలో ఒక చిత్రమైన మలుపు. పాత చిత్రాల హాస్యభాగాలను విడదీసి ప్రసారం చేయడం వాటికి అలవాటైంది. కథతో పొత్తు లేకపోవడమన్న పాత లోపమే ఇక్కడ అక్కరకు వచ్చింది. సినిమా పేరు తెలియని పిల్లలు సైతం ఆమె గొంతును గుర్తుపట్టారు. అదే బుల్లితెర ముఖాముఖీలలో ఆమె, ఏ జోడీ లేకుండా, తన కథను తానే చెప్పుకున్నారు.