లింకను వంశము – గృహనామ విచారము

అమెరికా సంయుక్తరాష్ట్రములకు 1861 మొదలు 1865 వఱకు నధ్యక్షుఁడుగా నుండిన అబ్రహాం లింకనునకుఁ దన తాతకుఁ బైతరములవారినిగూర్చి నిశ్చయముగాఁ దెలిసినది స్వల్పము. 1859లో నతఁడు వ్రాసిన సంగ్రహ స్వీయచరిత్రమునందుఁ దన పితామహుఁడు వర్జీనియాలోని రాకింగ్‌హాం మండలమునుండి కెంటకీకి వచ్చెననియు, వారి పూర్వులు పెన్సిల్వేనియాలోని బెర్క్సు మండలమున నుండిన క్వేకరు మతస్థులనియుఁ జెప్పి యూరకుండెను. న్యూ ఇంగ్లండునందలి లింకనులతోఁ దనవారికి సంబంధము గల్పింపఁ గొందఱు యత్నించిరి. ఉభయ కుటుంబములందును మార్డికై, సాలమను, ఈనాకు మొదలగు పేళ్లు కనఁబడుట తప్ప నా యత్నమువలన వేఱొండు తేలలేదని యతఁడే తెలిపెను. నామసామ్యము విచారణకు దారి చూపునేకాని తానే నిర్ణయము కాఁజాలదు. ఈ వంశము పరిశోధింపఁబడిన తీరు దీనికిఁ జక్కని యుదాహరణము.

ఈ గృహనామము స్థలనామమే. ఇంగ్లండున లింకను అను ప్రాచీన నగరము కలదు. కెల్టిక్ భాషలోఁ గొలను అను నర్థముగల 'లిందొ' శబ్దమునకు, రోమనుల వలసపట్టణమును దెలుపు 'కొలోనియా' శబ్దము చేరి 'లిందుం కొలోనియా' యయ్యెను. అదియే కాలక్రమమున సంకుచితమై లింకను అయ్యెను. ఒక యూరు విడిచి వేఱొకచోటఁ గాపురమున్నవారిని విడిచిన యూరిపేరఁ బిలుచుట ఆంధ్రులకుఁ గ్రొత్త గాదు. కాని యట్టి యింటిపేరు గలవారందఱు నేకవంశజులు కానక్కఱలేదు. మసాచుసెట్సులోని హింగ్‌హాం గ్రామమున 17వ శతాబ్దిలో తామస్ లింకను అనువారు నలుగురుండిరి. నేఁతవాఁడు, పిండిమరవాఁడు, పీపాలు చేయువాఁడు, సేద్యగాఁడు అని వృత్తినిబట్టి వారిని వేఱుపఱుపవలసి వచ్చెను. ఇఁక వర్ణక్రమమునకు నిలుకడ లేదు. వ్రాయసకాండ్రు చెవికి వినఁబడినట్లు వ్రాయుటచేఁ గెంటకీ పత్రములలో నధ్యక్షుని తాత పేరు 'లింక్‌హారన్' అని కనఁబడును.

ఇంటిలోని జ్ఞాపకము తెగుటకుఁ గారణము స్పష్టము. 1786లోఁ బితామహుఁడు కెంటకీలోఁ బొలమున నుండఁగా నచ్చటి యిండియనులచేఁ జంపఁబడెను. అధ్యక్షుని తండ్రియగు తామస్ 1778లోఁ బుట్టినవాఁడు. అప్పటి కెనిమిదేండ్ల బాలుఁడు. తండ్రి చెప్పవలసిన పూర్వకథ కొడుకునకుఁ జేరలేదు. 1848లో లింకను హింగ్‌హాం గ్రామచరిత్రకారుఁడగు సాలమను లింకనునకును, రాకింగ్‌హాంలోని జ్ఞాతి యొకనికిని లేఖలు వ్రాసి విచారించెను. అయినను న్యూ ఇంగ్లండు సంబంధము తేలలేదు.

తేల్చినవి పత్రములు. 1736లోఁ బెన్సిల్వేనియాలో మరణించిన మార్డికై లింకను తన జ్యేష్ఠపుత్రుఁడగు జానునకు న్యూజెర్సీలోని భూమిని మరణశాసనముచే నిచ్చెను. ఈ జాను 1768 ప్రాంతమున వర్జీనియాకు వలసపోయెను. కెంటకీలోఁ జంపఁబడినవాఁ డితని కుమారుఁడే. న్యూజెర్సీ భూమి మార్డికై పూర్వనివాసమునకు సాక్ష్యము. అచ్చటినుండి దారి మసాచుసెట్సులోని సిచుయిట్ గ్రామమునకుఁ బోవును. అచ్చటి కమ్మరి యగు మొదటి మార్డికై యితని తండ్రి. ఆ కమ్మరి తండ్రి సామ్యూల్. ఇతఁడు ఇంగ్లండులోని నార్ఫోకు మండలమందలి హింగ్‌హామున 1622లో బాప్తిస్మము పొంది, 1637లో నేఁతపని నేర్చు శిష్యుఁడుగా సముద్రము దాటి వచ్చెను. 1909లో లీ, హచిన్‌సన్ అనువారును, 1923లో వాల్డో లింకనును బ్రకటించిన గ్రంథములయం దీ వంశక్రమము సవిస్తరముగా నిరూపింపఁబడినది.

కాఁగా, పేళ్లనుబట్టి న్యూ ఇంగ్లండు సంబంధము నూహించినవారి యూహ నిజమే యయ్యెను. అయినను దాని నంగీకరింపక నిలిచిన లింకను వైఖరియు దోషము గాదు. సాక్ష్యము లేని నిజమును, సాక్ష్యము లేని యబద్ధమును జూచువాని కొక్కతీరుగనే యుండును. వంశచరిత్రము వ్రాయువారు తండ్రికొడుకుల నడుమఁ బ్రతి మెట్టునకును పత్రము చూపవలయును. పేళ్ల పోలికచే మెట్టు దాఁటరాదు.

అధ్యక్షుని కుమారులలో వంశము నిలిపినవాఁడు రాబర్టు ఒక్కఁడే. అతని యేకైకపుత్రుఁడు 1890లోనే గతించెను. 1926లో రాబర్టు మరణముతో నా శాఖయందు గృహనామ మంతరించెను. కొమార్తెల సంతతివలన మిగిలిన రక్తసంబంధమును 1985లో ముగిసెను.