నోటికి చేరే బొమ్మ: కొయ్యబొమ్మల చరిత్రలో రంగు

ఏడాది నిండవచ్చిన బిడ్డ ఏ బొమ్మనైనా మొదట నోట పెట్టుకునే పరీక్షిస్తుంది. తెలుగువారి కొయ్యబొమ్మలను ఈ దృష్టితో చూస్తే వాటి మధ్య భేదం తెలుస్తుంది. తెల్లపొణికి కర్రతో మలచి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతికే కొండపల్లి బొమ్మ ప్రధానంగా కొలువులో చూడదగినది. అంకుడు కర్రను తిప్పుతూ చెక్కి, ఆ రాపిడి వేడికే లక్క కరిగించి పట్టించే ఏటికొప్పాక బొమ్మకు మొనలుండవు. గుండ్రని గిలక పసిచేతికి ఇముడుతుంది. (లక్కపిడతల మాట వేరు. అంత చిన్నవి ఈ వయసుకు తగవు.)

లక్కలో రసాయనిక రంగులు చేరడంతో ఆ బొమ్మకున్న యోగ్యతే సందేహంలో పడింది. 2023లో పద్మశ్రీ పొందిన సి.వి. రాజు అక్కడ వృక్షసంబంధమైన రంగులను పునరుద్ధరించిన కృషిని ఈ నేపథ్యంలోనే అంచనా వేయాలి.

కర్ణాటక సరిహద్దున ఉన్న ఆలూరుకు ఏటికొప్పాక కంటే చన్నపట్టణమే దగ్గర. అక్కడి సంప్రదాయ లక్కబొమ్మకూ ఆధారం అంకుడు కర్రే. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయినా, నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది. అందుచేత ముద్ర లేని లక్కగిలకను కొనే తల్లి ఆ రంగు దేనితో చేసినదో అమ్మేవారినే అడిగి తెలుసుకోవాలి.