తెల్లకుళ్ళు శిలీంధ్రాలలో ఎంజైముల ఉత్పత్తి

కలపకు గట్టిదనాన్ని ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని విచ్ఛిన్నం చేయగల శిలీంధ్రాలను తెల్లకుళ్ళు శిలీంధ్రాలు అంటారు. ముదురు రంగు గల లిగ్నిన్ తొలగిపోగా మిగిలిన కలప తెల్లబడుట వలన వీటికి ఈ పేరు వచ్చినది. వీటి ఎంజైములు అద్దకపు రంగులను కూడా విచ్ఛిన్నం చేయగలవు. అయితే మామూలు వర్ధనాలలో ఈ ఎంజైములు తక్కువగా లభిస్తాయి కనుక ఉత్పత్తిని పెంచడానికి పలు పరిశోధనలు జరిగాయి. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో స్టీరియం ఆస్ట్రియా అనే పుట్టగొడుగుపై జరిగిన పరిశోధన 2014లో ప్రచురితమైనది.

ముఖ్యమైన ఎంజైములు

* లాకేజ్: అణువులో నాలుగు రాగి పరమాణువులు ఉంటాయి. ఇది గాలిలోని ఆక్సిజన్‌ను వినియోగించుకుంటుంది. దీనిని 1883లో యోషిదా అనే శాస్త్రవేత్త జపాను లాకర్ చెట్టు పాలలో గుర్తించాడు.
* లిగ్నిన్ పెరాక్సిడేజ్: దీనికి హైడ్రోజన్ పెరాక్సైడు అవసరం. 1983లో కనుగొన్నారు.
* మాంగనీస్ పెరాక్సిడేజ్: మాంగనీసు అయాన్లను ఆక్సీకరించి, వాటి ద్వారా లిగ్నిన్‌పై పనిచేస్తుంది.

లిగ్నిన్ అణువు చాలా పెద్దది, క్రమమైన నిర్మాణం లేనిది. అందువలన ఈ ఎంజైములు కణం వెలుపల, ఏదో ఒక్క బంధానికే పరిమితం కాకుండా పనిచేస్తాయి. అద్దకపు రంగులపైనా ఇవి పనిచేయడానికి కారణం ఇదే.

ఉత్పత్తిని పెంచే పద్ధతులు

అనంతపురం ప్రయోగాలలో ఘనస్థితి కిణ్వనం అనే పద్ధతిని అనుసరించారు. అనగా శిలీంధ్రాన్ని ద్రవంలో కాక, తడిపిన ఘనపదార్థంపై పెంచుతారు.

* ప్రేరకాలు: పరీక్షించిన వాటిలో 0.02 శాతం వెరాట్రిల్ ఆల్కహాలు ఎంజైముల ఉత్పత్తిని గణనీయంగా పెంచినది. కొన్ని తెల్లకుళ్ళు శిలీంధ్రాలు ఈ పదార్థాన్ని తామే తయారుచేసుకుంటాయి.
* మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు): 300 మైక్రోమోలార్ గాఢతలో చేర్చినప్పుడు లాకేజ్ చర్య రెండు రెట్లు అయినది. రాగి ఈ ఎంజైములో భాగమే. అయితే రాగి మోతాదు మించితే శిలీంధ్రానికి విషమవుతుంది.
* తలతన్యతను తగ్గించే పదార్థాలు: ట్వీన్ 20, ట్వీన్ 80, ట్రైటాన్ ఎక్స్ 100లను పరీక్షించగా ట్వీన్ 80 ఉత్పత్తిని ప్రేరేపించినది.

అద్దకపు రంగులతో ప్రయోగం

నూలు బట్టల అద్దకంలో వాడే రంగులలో కొంత భాగం బట్టకు పట్టక నీటిలో కలిసిపోతుంది. వరి తవుడు, గోధుమ తవుడు ఇటువంటి రంగును పీల్చుకొనగలవు. కానీ పీల్చుకున్నంత మాత్రాన రంగు నశించదు. నీటి నుండి తవుడులోకి మారుతుంది, అంతే. పై పరిశోధనలో రెమజోల్ నీలం, ఊదా రంగులను పది లక్షల భాగాలకు 50 భాగాల చొప్పున గల ద్రావణాల నుండి తవుడుకు పట్టించి, ఆ తవుడుపైనే శిలీంధ్రాన్ని పెంచారు. అప్పుడు లాకేజ్, మాంగనీస్ పెరాక్సిడేజ్‌ల ఉత్పత్తి పెరిగినది. లిగ్నిన్ పెరాక్సిడేజ్ మాత్రం పెరగలేదు.

ప్రాముఖ్యత

రంగు పట్టిన తవుడు పారవేయవలసిన వ్యర్థం. దానినే ఎంజైముల తయారీకి ముడిపదార్థంగా వాడుకోవచ్చునని ఈ ప్రయోగం సూచిస్తుంది. ఒకే మార్పు అన్ని ఎంజైములనూ సమానంగా పెంచదు కనుక, కావలసిన ఎంజైమును బట్టి పద్ధతిని ఎంచుకోవలసి ఉంటుంది.